ఇల్లంతా మోగిన ఫోను

విజయనగరం ఉల్లివీధిలో నగరేశ్వరరావుది చింతపండు, పసుపు హోల్‌సేలు వ్యాపారం. కింద దుకాణం, పైన ఇల్లు. పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసినప్పుడు ఆయన కొడుకు ప్రమోద్ పట్టుబట్టి గదికో స్పీకరు పెట్టించాడు. కప్పులో లైటు పక్కన గుండ్రంగా, తెల్లటి జల్లెడలా ఉంటుంది. హాల్లో టీవీ కింద ఒక నల్లపెట్టె. ఫోన్లో పాట పెడితే ఆ పెట్టె అందుకుని వంటింట్లో, దేవుడి గదిలో, పడగ్గదుల్లో, ఆఖరికి డాబా మీద కూడా ఒకేసారి వినిపిస్తుంది.

గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు దేవుణ్ణి చూసినదానికన్నా ఆ స్పీకర్లను ఎక్కువ చూశారు. నగరేశ్వరరావు మొదట్లో విసుక్కున్నాడు గాని, తర్వాత అలవాటు పడ్డాడు. రోజూ స్నానం చేసి రాగానే తన ఫోన్లో దేవుడి పాటలు పెట్టేవాడు. అవి ఇల్లంతా మోగుతుంటే విభూతి రాసుకుని, టిఫిను తిని, ఫోను జేబులో వేసుకుని దుకాణంలోకి దిగేవాడు. గల్లాపెట్టె సరిగ్గా హాలు కిందనే ఉంటుంది. దాంతో ఒక్కోసారి ఆయన కిందకి దిగినా ఫోను పెట్టెను వదిలేది కాదు. ఒకసారి సాలూరు దళారీ ఎవరో ఫోన్ చేసి, సరుకు తడిసిపోయిందని ఏడుస్తుంటే, ఆ ఏడుపు వంటింట్లో వినిపించింది. ఆయన భార్య కన్యాకుమారి, కోడలు ఝాన్సీ పొట్టలు పట్టుకుని నవ్వుకున్నారు. కింద ఆయనేమో ఫోన్లో ఏమీ వినపడక, "హలో, హలో" అని వీధంతా అదిరేలా అరిచాడు.

కన్యాకుమారికి యాభై దాటాయి. పుట్టిల్లు సాలూరు. మనిషి పిరికిదని ఇంట్లో అందరికీ ఒక నమ్మకం. చిన్నప్పుడు సూది వేయించుకుని పడిపోయిందట. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, పక్కింట్లో ఎవరో పోతే జ్వరం తెచ్చుకుందట. అప్పటినుంచి ఏ చెడు కబురైనా ముందు మగాళ్ళ చెవిన పడి, వాళ్ళు దాన్ని కాస్త మెత్తబరిచాకనే ఆమె దాకా వచ్చేది. తండ్రి పోయినప్పుడు కూడా, "మీ నాన్నకి కొంచెం నలతగా ఉన్నాది, సూసొద్దాం" అని జీపు ఎక్కించారు. సాలూరులో వీధి మలుపు తిరగ్గానే ఇంటి ముందు వేసిన కుర్చీలు చూసి ఆమె తెలుసుకుంది. అంతవరకూ దారి పొడుగునా తండ్రికి ఏం పథ్యం చేసిపెట్టాలో భర్తతో చెబుతూ వచ్చింది.

కొత్త ఇంట్లోకి వచ్చాక ఒక ఏడు, ఎండాకాలం వెళ్ళేసరికి ఆమెకు అన్నం సయించడం మానేసింది. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. రవికెలు వదులయ్యాయి. ప్రమోద్ విశాఖపట్నం తీసుకెళ్ళి గొంతులోంచి గొట్టం వేయించి చూపించాడు. లోపలినుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు తేవడానికి ప్రమోద్ ఒక్కడే వెళ్ళాడు.

ఆ పొద్దున ఝాన్సీ గుమ్మడి వడియాలు పెట్టడానికి డాబా మీదకు వెళ్ళింది. కన్యాకుమారి దేవుడి గదిలో కూర్చుని కుందులు తుడుస్తోంది. పాటలు ఆగిపోయి చాలాసేపైంది. ఉన్నట్టుండి నెత్తిమీద ప్రమోద్ గొంతు వినిపించింది.

"నాన్నా, దుకాణంలోనే ఉన్నావా?"

కొడుకు ఇంట్లోకి వచ్చేశాడేమో అనుకుని ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"నువ్వేటీ మాటాడకు. పక్కన అమ్మ ఉంటే అనుమానం వస్తాది. ఊరికే విను. రిపోర్టు వచ్చింది." కాస్త ఆగాడు. "కేన్సరే."

కన్యాకుమారి చేతిలో కుందితోనే లేచింది. ఆ మాట దేవుడి గదిలో వినకూడదన్నట్టు వంటింట్లోకి వెళ్ళింది. వంటింట్లోనూ అదే గొంతు. పడగ్గదిలోకి వెళ్ళింది. ఏ గదిలోకి వెళ్ళినా ఆమె కంటే ముందే కొడుకు గొంతు వచ్చి ఉంది.

"ఇంకా కడుపులోనే ఉందట. ముందు కీమో ఇచ్చి, గడ్డ తగ్గితే ఆపరేషన్ సేద్దామంటన్నారు. లేటు సెయ్యొద్దన్నారు. కానీ గ్యారంటీ ఏటీ లేదట. బొబ్బిలి పెద్దమ్మకి కీమో ఇప్పించి ఏటయ్యిందో సూశాం కదా నాన్నా. జుట్టూడిపోయి, నోరంతా పుండైపోయి... అమ్మ తట్టుకోలేదు. సూది సూస్తేనే పడిపోద్ది. దీని పేరు వింటేనే సగం సచ్చిపోతాది. అల్సరని సెప్పు. మిగతాది నేనొచ్చాక మాటాడుకుందాం. ఝాన్సీక్కూడా సెప్పకు. దాని మొహం సూసి అమ్మ కనిపెట్టేస్తాది."

అంతవరకూ గట్టిగా మాట్లాడినవాడు అక్కడ ఆగిపోయాడు. తర్వాత వెక్కిళ్ళు వినిపించాయి. పెళ్ళయి, మీసాలొచ్చిన కొడుకు ఇంట్లో ప్రతి గదిలోనూ ఏడుస్తున్నాడు.

"నాన్నా, వింటన్నావా?"

'వింటన్నాను రా' అన్న మాట కన్యాకుమారి గొంతు దాకా వచ్చింది. ఆ పెట్టెలోకి మాట్లాడితే అవతలికి వినపడుతుందో లేదో ఆమెకు తెలియదు. ఆలోగా, అప్పటిదాకా కింద హలో, హలో అంటూనే ఉన్న నగరేశ్వరరావు, "హలో! ఒరే, ఏటీ వినపడలేదురా, నేనే సేస్తానుండు" అని కేక పెట్టి ఫోను కట్టేశాడు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

ఆమె బాల్కనీలోకి వచ్చి నిలబడింది. దుకాణం ముందు లారీలోంచి చింతపండు బస్తాలు దింపుతున్నారు. నగరేశ్వరరావు ఫోను చెవికి ఆనించుకుని రోడ్డు మీదకు వచ్చాడు. ఈసారి కొడుకు మాట ఆయన చెవిలోకే వెళ్ళింది. ఆయన మొదట, "ఆ, సెప్పు" అన్నాడు. బస్తాలు దింపే కలాసీ ఏదో అడుగుతున్నా వినిపించుకోలేదు. అలాగే వెనక్కి నడిచి, దింపిన బస్తా మీద కూలబడ్డాడు. తను విన్న మాటే భర్త వింటుంటే ఆమె పైనుంచి చూసింది. ఆయన తల పైకెత్తబోతుంటే లోపలికి తప్పుకుంది.

కాసేపటికి ఝాన్సీ డాబా మీంచి దిగింది. చేతికి వడియాల పిండి ఇంకా అంటుకునే ఉంది.

"పైన స్పీకర్లో ఏటైనా వినపడిందేటే?" అని అడిగింది కన్యాకుమారి.

ఝాన్సీ కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటూ, "లేదత్తయ్యా. పైది కట్టేసే ఉంది కదా" అంది.

మధ్యాహ్నం నగరేశ్వరరావు భోజనానికి వచ్చాడు. మొహం కడుక్కునే వచ్చాడు గాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ప్రమోదు ఫోన్ సేశాడు. భయపడ్డానికేటీ లేదట. అల్సరు. కడుపులో పుండు. కారం మానేస్తే తగ్గిపోతాదట."

"అంతేనేటి?"

"అంతే. ఇంకేటుంటాది?"

ఆమె పప్పు వడ్డించింది. ఆయనకు అబద్ధం ఆడడం చేతకాదు. దుకాణంలో బేరం ఎంత గట్టిగా చేసినా, ఇంట్లో మాట దాచాల్సి వస్తే కంచంలోకి చూస్తాడు. ఆ పూట అన్నం తిన్నంతసేపూ కంచంలోంచి చూపు తిప్పలేదు. ఇవాళ కాకపోతే రేపు చెప్తారులే అనుకుంది ఆమె. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత పెద్ద మాట ఈయన దాచి బతకగలడా అనుకుంది. ఆయన నోటితో ఆయనే చెప్తే, అప్పుడు తనూ ఏడవొచ్చు. అంతవరకూ ఓపిక పట్టాలనుకుంది.

రాత్రి ప్రమోద్ వచ్చాడు. తండ్రీ కొడుకులు దుకాణం తలుపులు వేసుకుని లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. వైద్యం మొదలుపెడదామా వద్దా అన్నది వాళ్ళిద్దరూ తేల్చుకోలేకపోయారు. వారం తర్వాత మళ్ళీ మాట్లాడుకున్నారు, అప్పుడూ తేలలేదు. ఈలోగా ఏజెన్సీ నుంచి సరుకు తెచ్చే వర్తకుడొకడు, కొండ మీద ఆకుమందు ఇచ్చే మనిషి ఉన్నాడని, ఎందరికో కడుపులో గడ్డలు కరిగించాడని నగరేశ్వరరావుకు చెప్పాడు. ఆ మాట ఆయన గట్టిగా పట్టుకున్నాడు. సూదులక్కర్లేదు, జుట్టు ఊడదు, రోగం పేరు చెప్పక్కర్లేదు.

ప్రమోద్ రెండు మూడుసార్లు, "డాక్టరు లేటు సెయ్యొద్దన్నారు నాన్నా" అన్నాడు. "ఈ మందు ఒక్క నెల సూద్దాం" అన్నాడు తండ్రి. నెల అయ్యాక ఇంకో నెల అన్నాడు. ప్రమోద్ ఎదురు చెప్పలేకపోయాడు. చెప్పి, తల్లికి కీమో ఇప్పించి, ఆవిడ బొబ్బిలి పెద్దమ్మలా అయిపోతే ఆ పాపం తనదవుతుందని అతని భయం.

మందు నల్లటి పొడి. పొద్దునా సాయంత్రం తేనెలో కలిపి తాగాలి. దాన్ని ఝాన్సీ కలిపి తెచ్చేది. చేదుకు కన్యాకుమారికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "అల్సరు మందు ఇంత సేదేటే?" అనేది కోడలి కళ్ళలోకి చూస్తూ. ఝాన్సీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయేది.

ఇంట్లో అందరూ ఆమెతో మెత్తగా మాట్లాడ్డం మొదలుపెట్టారు. కూరలో ఉప్పెక్కువైనా నగరేశ్వరరావు ఏమీ అనడం లేదు. ఎన్నడూ లేనిది గంటస్తంభం దగ్గర్నుంచి మల్లెపూలు తెచ్చాడు. పక్కవీధి లక్ష్మణమ్మ, ఎన్నడూ గుమ్మం తొక్కనిది, వచ్చి చేతులు పట్టుకుని కూర్చుంది. అంటే ఆవిడకు కూడా తెలుసు. వీధిలో ఎందరికి తెలుసో కన్యాకుమారి లెక్క వేసుకోవడం మానేసింది. రోజూ పొద్దున లేచి, ఇవాళ చెప్తారేమో అనుకునేది. దీపం పెట్టే వేళకు, ఇవాళా చెప్పలేదు అనుకునేది. ఒకసారి తనే ఎదురుపడి అడగాలనుకుని దుకాణంలోకి దిగింది. ఆమెను చూడగానే నగరేశ్వరరావు మొహం ఎంత బెదిరిపోయిందంటే, "గళ్ళుప్పు అయిపోయింది" అని చెప్పి పైకి వచ్చేసింది.

వానలు పట్టాయి. ఆమె మెట్లు దిగడం మానేసింది. ఒక సాయంత్రం మందు తాగిన కాసేపటికే కక్కుకుంది. నల్లగా వచ్చింది. ఝాన్సీ నడుం పట్టుకుని నిలబెట్టి, మూతి కడిగి, మంచం మీద కూర్చోబెట్టింది. తర్వాత గ్లాసులో మిగిలిన మందు తీసుకెళ్ళి తూములో పారబోసి వచ్చింది.

"పారబోశావేటే?"

"ఇది తాగకండి అత్తయ్యా."

"మావయ్యగారు కష్టపడి తెప్పించారు కదా. పుండు మానుతాదన్నారు."

ఝాన్సీ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "మీకు తెలుసు కదా అత్తయ్యా" అంది.

కన్యాకుమారి కొంగుతో మూతి తుడుచుకుంది.

"నాకు తెలుసని నీకెలగ తెలుసు?"

"ఆరోజు డాబా మీద స్పీకరు కట్టెయ్యలేదు. మొత్తం విన్నాను. పైన వినపడిందంటే కింద అన్ని గదుల్లోనూ వినపడుతుంది. మీరు ఇంట్లోనే ఉన్నారు."

కన్యాకుమారి కోడలి మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళూ భర్త మీద రాని కోపం, కొడుకు మీద రాని కోపం ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"నువ్వు విన్నావు. నేను విన్నానని కూడా నీకు తెలుసు. తెలిసుండి రోజూ రెండు పూటలా ఈ సేదు కలిపి నా నోటికి అందించావు. ఒక్కసారి నోరిప్పాలనిపించలేదేటే నీకు?"

"మీరేమీ అడగలేదు అత్తయ్యా. తెలియనట్టు ఉండడమే మీకు నయంగా ఉందేమో అనుకున్నాను. ఆయనేమో నాకూ చెప్పొద్దన్నారు. ఇప్పటికీ చెప్పలేదు. నేను విన్నానని చెప్తే మీరు విన్న సంగతి కూడా బయటపడుతుంది. అప్పుడు ఇంట్లో ఏమవుతుందోనని..." ఝాన్సీ ఏడవడం మొదలుపెట్టింది.

"ఏడుపాపు. నేను ఎవరైనా సెప్తారని సూశాను. మీరందరూ నేను అడుగుతానని సూశారు. ఆగమంటే అది ఆగదు కదా లోపల." మాట మధ్యలో ఆయాసం వచ్చి కాసేపు ఆగింది. "రేపు నన్ను విశాఖపట్నం తీసికెళ్ళు. వాళ్ళకి సెప్పకు. గుడికని సెప్పు."

మర్నాడు ఇద్దరూ ఆటోలో స్టేషనుకు వెళ్ళి పాసింజరు ఎక్కారు. ఆస్పత్రిలో డాక్టరమ్మ పాత రిపోర్టు కంప్యూటర్లో వెతికి చూసి, మొహం చిట్లించి, "ఇన్నాళ్ళు ఎక్కడికెళ్ళారు?" అని ఝాన్సీని అడిగింది.

"నన్నడగండమ్మా. రోగం నాది" అంది కన్యాకుమారి.

స్కానింగు తీశారు. చేతికి సూది గుచ్చినప్పుడు ఆమె సూది వైపే చూస్తూ కూర్చుంది. పడిపోలేదు. సాయంత్రం డాక్టరమ్మ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తొందరపడకుండా చెప్పింది. గడ్డ లివరు దాకా వెళ్ళింది. ఇక ఆపరేషనుకు వీలు పడదు. మందు ఎక్కిస్తే కొంచెం కాలం జరగొచ్చు, జరగకపోవచ్చు.

"అప్పుడే వచ్చుంటే?"

"ప్రయత్నం చేసేవాళ్ళం. నయమయ్యేదని మాత్రం మాటివ్వలేను."

"ఇంకెన్నాళ్ళుంటానమ్మా?"

"నెలలే."

"నొప్పి?"

"నొప్పికి మందులున్నాయి. అది మా పని. ఆ విషయంలో మిమ్మల్ని వదిలెయ్యం."

కన్యాకుమారి ఆవిడకు దండం పెట్టింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, కొత్తవలస దాటేదాకా బయటికే చూసింది. ఝాన్సీ బ్యాగులోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇస్తే, తీసుకోబోయి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం ఇద్దరికీ తెలిసింది. తర్వాత తీసుకుని తాగింది.

ఇంటికొచ్చేసరికి తండ్రీ కొడుకులు హాల్లో కూర్చుని ఉన్నారు. "గుడికెళ్ళి ఇంతసేపేటే?" అన్నాడు నగరేశ్వరరావు.

"ఆస్పత్రికెళ్ళాను. నాకు కేన్సరండి. లివరుకి పాకిందట."

నగరేశ్వరరావు విసురుగా ఝాన్సీ వైపు తిరిగాడు. "నువ్వా సెప్పింది? నీకెవరు సెప్పారే?"

"దాన్ననకండి. ప్రమోదు సెప్పాడు నాకు" అంది కన్యాకుమారి కుర్చీలో కూర్చుంటూ. "రిపోర్టు వచ్చిన రోజే. మీ ఫోను మీ చెవిలో కాక పైన మోగింది. మీకంటే ముందు నేను విన్నాను. తర్వాత మీరు రోడ్డు మీద బస్తా మీద కూర్చుని విన్నారు. అదీ సూశాను."

ప్రమోద్ మొహం పాలిపోయింది. "అమ్మా, నేను... నువ్వు విన్నావా అదంతా? నేను ఏడ్చినది కూడానా?"

"అన్నీ విన్నాను రా."

"మరి అడగలేదేటమ్మా! నువ్వొక్క మాట అడిగుంటే..." అతను లేచాడు. వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది.

నగరేశ్వరరావు లేచి దుకాణంలోకి వెళ్ళిపోయాడు. ఎంతకీ రాకపోతే కన్యాకుమారే గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ దిగింది. ఆయన పసుపు బస్తాల మధ్య లైటు వెయ్యకుండా కూర్చుని ఉన్నాడు.

"పైకి రండి."

"నేనే సంపేశాను నిన్ను. ఆ ఆకుమందు పట్టుకుని..."

"మీరు సంపలేదు. కానీ నన్నొక్క మాట అడగాల్సింది."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నీకు భయమని అందరికీ సెప్పాను. నీకు కాదు కుమారీ. నాకు. నీ ఎదురుగా ఆ మాట అనడం నాకు సేతకాలేదు. పిరికిదానివని నీమీద పెట్టి నేను తప్పించుకున్నాను."

కన్యాకుమారి ఆయన పక్కన బస్తా మీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. రిపోర్టు వచ్చిన రోజునుంచి దాచుకున్నదంతా గొంతెత్తి ఏడ్చింది. ఆయన ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

ఆస్పత్రిలో రెండుసార్లు మందు ఎక్కించుకుంది. రెండోసారి తర్వాత నోరు పూసి, గుక్కెడు మజ్జిగ కూడా దిగలేదు. ఇక వద్దని తనే డాక్టరమ్మకు చెప్పింది. సాలూరులో చెల్లెలికి తనే ఫోన్ చేసి చెప్పింది. ఎవరికి ఏ చీర ఇవ్వాలో, తను పోయాక ఏ గది ఎవరు వాడుకోవాలో ప్రమోద్‌ను కూర్చోబెట్టి చెప్పింది. అతను వినలేక లేచిపోబోతే చెయ్యి పట్టుకుని ఆపి మరీ చెప్పింది. ఝాన్సీ మీద కోపం పోయిందని ఎప్పుడూ అనలేదు. కానీ స్నానం చేయించడానికి, బట్ట మార్చడానికి ఆమెనే పిలిచేది. ఇంకెవరు వచ్చినా ఒప్పుకునేది కాదు. ఝాన్సీ కూడా క్షమించమని మళ్ళీ అడగలేదు. పిలిచిన ప్రతిసారీ వచ్చేది.

కార్తీకంలో ఒక పొద్దున, ఆమె నగరేశ్వరరావును దగ్గరకు పిలిచింది. మాట సన్నగా వస్తోంది.

"ఎలగున్నాను ఇవాళ? నిజం సెప్పండి."

ఆయన కంచంలోకి చూసినట్టు దుప్పటిలోకి చూడబోయి, తమాయించుకుని ఆమె కళ్ళలోకి చూశాడు.

"నిన్నటికంటే బాలేదు కుమారీ."

"అవును. నాకూ అలగే ఉన్నాది" అంది ఆమె. ఆయన చేతిని తన పొట్ట మీదకు లాక్కుని కళ్ళు మూసుకుంది. ఆ రోజంతా ఆయన దుకాణం తెరవలేదు. మర్నాడు మధ్యాహ్నం, ఝాన్సీ తడిగుడ్డతో ఆమె కాళ్ళు తుడుస్తుండగా ఊపిరి ఆగిపోయింది. ఝాన్సీ రెండో కాలు కూడా తుడిచి, చీర సర్ది, అప్పుడు లేచి వెళ్ళి, "అత్తయ్య పోయారు" అని ఆ మాట ఆ మాటగానే అందరికీ చెప్పింది.